వైమానిక విద్యను చేపట్టదగునా?

ఈ విషయమును గూర్చి మాటలాడుమని రేడియో వారు నన్ను కోరినపుడు, సంధులును సమాసములును చెప్పుకొనుచు ముప్పదియైదు సంవత్సరములు గడపిన తెలుగు పండితునకు విమానములతో నేమి పని యని నాకే తోచెను. వినుచున్న మీలో కొందఱకును అట్లే తోచవచ్చును. కాని బడి విడిచిన తరువాతను బడిపంతులు బడిపంతులే. ఒకప్పుడు నాయొద్ద చదువుకొన్న పిల్లలు నేడు తండ్రులును తల్లులునై, తమ బిడ్డల చదువులను గూర్చి సలహా యడుగుటకు మా యింటి మెట్లెక్కుచున్నారు. వెనుక వారడుగు ప్రశ్న ఒక్కటే: ఇంజనీరింగా, వైద్యమా? ఇటీవల కొన్ని యేండ్లుగా మఱియొకటి వినవచ్చుచున్నది. "మావాడు పైలటు అవుతానంటున్నాడండీ, చేర్పించమంటారా?" దీనికి అవుననియో కాదనియో ఒక్క మాటలో చెప్పి పంపుటకు వీలులేదు. ఇరువది నిమిషములలో కొంత చెప్పవచ్చునేమో యని యీ ప్రసంగమున కొప్పుకొంటిని.

మేముండు ద్వారకా నగరము విశాఖపట్టణమునకు నడిబొడ్డు. ఒకవంక బస్సుల కాంప్లెక్సు, ఒకవంక పౌర గ్రంథాలయము. ఆ నడుమ నే సందు చూచినను శిక్షణాలయములే. బ్యాంకు పరీక్షలకు నొకటి, సర్కారు కొలువులకు నొకటి, విదేశ భాషలకు నొకటి. వాని బోర్డుల నడుమ ఇప్పుడు తెల్లచొక్కా తొడిగి, భుజములపై నాలుగు బంగారు చాఱలు ధరించి నవ్వుచున్న యువకుని బొమ్మయు కానవచ్చుచున్నది. ఆ బొమ్మలో నెప్పుడును చాఱలు నాలుగే. నాలుగు చాఱలు కెప్టెనువి. కొత్తగా కొలువులో చేరినవానికి రెండో మూడో యుండును. నాలుగవదానికి పెక్కు సంవత్సరములు పట్టును. బొమ్మ వ్రాయించినవారు ఆ సంవత్సరములను బొమ్మలో వ్రాయింపలేదు.

మన పురాణములలో విమానములు లేకపోలేదు. పుష్పకమును ఎఱుగనివారెవరు? అయితే అది యజమాని మనస్సు నెఱిగి తనంతట తానే పోవు వాహనము. దానిని చూపి, మన పూర్వులు ఈ విద్యలో ఆరితేరియుండిరని వాదించువారితో నాకు చిన్న పేచీ కలదు. చోదకుడే అక్కఱలేని వాహనమును బట్టి చోదకవిద్యను స్థాపించుట యెట్లు? నా మట్టుకు ఈ వృత్తికి సరియైన పోలిక సారథ్యమే. నలుడు బాహుకుడను పేర ఋతుపర్ణుని రథమును అయోధ్యనుండి విదర్భకు తోలుచుండగా, రాజుగారి ఉత్తరీయము జాఱి క్రిందపడినది. రథము నిలుపుము, తెప్పించుకొందునని రాజనెను. అది యప్పుడే యోజనము దూరము వెనుకబడినది, ఇక తెచ్చుటకు వీలుకాదని సారథి చెప్పెను, రథమును నిలుపలేదు. లోపల కూర్చున్నవాడు రాజే యగుగాక, రథమును గూర్చిన నిర్ణయము పగ్గములు పట్టినవానిది. నేటి వైమానిక నిబంధనములును ఇదే మాట చెప్పుచున్నవి. విమానము గాలిలో నున్నంతసేపు దానిని గూర్చిన తుది నిర్ణయము కెప్టెనుది. ఆ యధికారమునకు తగిన పూచీయు అతనిదే.

ఇక మా ఊరికిని విమానమునకును గల పరిచయము వింతయైనది. 1942వ సంవత్సరము ఏప్రిలు 6వ తేదీన జపానువారి విమానములు వచ్చి మా రేవుపై బాంబులు వేసినవి. ఊరు ఊరంతయు పల్లెలకు తరలిపోయినదని మా పెద్దలు చెప్పగా వింటిని. అనగా మా తాతల తరమునకు విమానమనిన ఇంటనుండి పాఱిపోవలసిన వస్తువు. మా తరమునకు అది నౌకాదళమువారి సొత్తు. మా విమానాశ్రయము వారి ఐఎన్‌ఎస్ డేగాలోనిదే కదా. 2017వ సంవత్సరమున కొలువు విరమించిన టీయూ-142 అను నౌకాదళపు పెద్ద విమానమును సముద్రపు టొడ్డున ప్రదర్శనశాలగా నిలిపిన తరువాత, మా మనుమల తరమునకు అది ఆదివారపు విహారమైనది. 2023వ సంవత్సరము మే 3వ తేదీన భోగాపురమున అల్లూరి సీతారామరాజు పేర అంతర్జాతీయ విమానాశ్రయమునకు శంకుస్థాపన జరిగెను. 2014 మొదలు 2018 వఱకు కేంద్ర ప్రభుత్వమున విమానయాన శాఖను నిర్వహించినవారు విజయనగరమువారు. 2024లో ఆ శాఖను స్వీకరించినవారు శ్రీకాకుళమువారు. ఇన్ని కారణములచేత మా ఉత్తరాంధ్రమున పిల్లల చూపు పైకి మరలుట సహజమే. అంతమాత్రమున చేతికందునని కాదు.

గడచిన వేసవిలో, ఓడరేవులో గుమాస్తాపని చేయు నా పాతశిష్యుడొకడు తన కుమార్తెను వెంటబెట్టుకొని వచ్చెను. ఆ పిల్ల ఇంటర్మీడియటులో గణితమును భౌతికశాస్త్రమును చదివి మంచి మార్కులతో నెగ్గినది. తండ్రి కూర్చుండకమునుపే అడిగెను.

"మేష్టారూ, మాడుగుల దగ్గర మా నాన్నగారిచ్చిన ఎకరన్నర మెట్ట ఉందండి. అమ్మితే దీని ఫీజుకి ఇంచుమించు సరిపోతుంది. అమ్మమంటారా, వద్దంటారా?"

ప్రశ్న చదువును గూర్చినది కాదు, భూమిని గూర్చినది. తెలుగు దేశమున పెద్ద చదువుల ప్రశ్నలన్నియు తుదకు భూమియొద్దకే వచ్చును. వారు అప్పటికే ఒక శిక్షణ సంస్థకు పోయి వచ్చిరి. లైసెన్సు చేతికి వచ్చిన మఱునాడే ఉద్యోగమునకు పూచీ తమదని చెప్పి, రెండు లక్షలు ముందుగా కట్టుమనిరట. ఆ పూచీని కాగితముమీద వ్రాసి యిమ్మని అడిగి రమ్మంటిని. వ్రాసి యిచ్చుట తమ ఆచారము కాదనిరట. అట్లయిన కట్టుట మన ఆచారము కాదని చెప్పి రమ్మంటిని.

పిల్లనడిగితిని: "ఏమ్మా, ఎందుకు నీకీ పని?" ఆమె కొంచెము తడవు తటపటాయించి, "తాతగారూ, బీచ్‌లో ఆ పెద్ద విమానం ముందు భాగంలో అన్ని ముళ్లూ, అన్ని మీటలూ చూశాను. ఏది ఎందుకో ఎవరూ చెప్పలేకపోయారు. అప్పట్నించీ తెలుసుకోవాలనే ఉంది" అనెను. చాఱలమాట గాని, జీతముమాట గాని చెప్పలేదు. ఈ సమాధానము నాకు నచ్చినది. అందువలననే, నాకు తెలియని సంగతులను తెలిసినవారివలనను, ప్రభుత్వ నిబంధనములవలనను తెలిసికొని, వారిరువురితో కొన్నివారములు కూర్చుంటిని. అట్లు తేలినదానినే మీకు చెప్పుచున్నాను.

మన దేశమున విమానచోదకులకు లైసెన్సు నిచ్చు కార్యాలయమును డీజీసీఏ యందురు. జీతమునకై విమానము నడుపదలచినవానికి వాణిజ్య చోదక లైసెన్సు ఉండవలెను. దానికి పదునెనిమిది యేండ్లు నిండవలెను. ఇంటర్మీడియటులో భౌతిక గణితములు చదివినవారికి చిక్కులేదు. వేఱు చదువులవారు ఓపెన్ స్కూలు ద్వారమున ఆ రెండింటిని పూర్తిచేసికొని వచ్చుట వాడుక. అటుపిమ్మట వ్రాతపరీక్షలు: వైమానిక మార్గనిర్ణయము, వాతావరణశాస్త్రము, వైమానిక నిబంధనములు, యంత్రవిషయములు. ప్రతి పరీక్షలోను నూటికి డెబ్బది రావలెను. మా బడులలో ముప్పదియైదు వచ్చిన పండుగ చేసికొనుటకు అలవాటుపడిన పిల్లలు ఈ యంకెను ఒకటికి రెండుమారులు చదువుకొనవలెను. ఇవికాక రేడియోలో సంభాషించుటకు వేఱొక పరీక్ష కలదు. దానిమాట తరువాత చెప్పెదను.

చేతిపని సంగతి యేమన, 200 గంటలు విమానము నడిపి యుండవలెను. అందు 100 గంటలు తానే పూచీదారుడై నడుపవలెను. ఒకమారైనను 300 నాటు మైళ్లకు, అనగా సుమారు 555 కిలోమీటర్లకు, తక్కువగాని ప్రయాణము చేసి, త్రోవలో రెండు వేఱు వేఱు విమానాశ్రయములలో దిగి రావలెను. రాత్రివేళ 5 గంటలు, పనిముట్లను మాత్రమే చూచి 10 గంటలు నడుపవలెను. ఈ కడపటిదే నన్ను చాల ఆలోచింపజేసినది. మేఘములో దూరినవానికి నేలయు నింగియు కానరావు. అప్పుడు మన చెవిలోనుండు తూనిక మనలను మోసగించును. విమానము ఒరుగుచుండగా తిన్నగా పోవుచున్నట్లును, తిన్నగా పోవుచుండగా ఒరుగుచున్నట్లును దేహము సాక్ష్యమిచ్చును. ప్రమాణములలో ప్రత్యక్షమే జ్యేష్ఠమని తర్కములో చదువుకొన్నవాడను నేను. అక్కడ తన దేహముయొక్క ప్రత్యక్షమును త్రోసిపుచ్చి, ఎదుట నున్న ముల్లు చెప్పుదానిని నమ్మవలెను. నమ్మనివారు నేలకూలిన ఉదాహరణములు ఈ విద్యాచరిత్రలో పెక్కులు కలవు. తన మనస్సుకు తోచినదే సత్యమని వాదించు స్వభావము గల పిల్లవాడు ఇంట నుండినచో, తల్లిదండ్రులు ఆ సంగతి శిక్షణాలయమువారికంటె ముందుగా ఎఱుగుదురు.

ఇంతయు నెగ్గిన తరువాత చేతికి వచ్చునది చిన్న విమానములు నడుపుటకు అనుమతి. వందలమందిని మోయు ఎయిర్‌బస్ 320 వంటిదానిని నడుపుటకు ఆ రకమునకే ప్రత్యేకమైన శిక్షణ పొందవలెను. దానికి ఫీజు వేఱు. ఆపై కెప్టెను పదవికి వలయు పెద్ద లైసెన్సునకు 1,500 గంటలు నడిపిన అనుభవము కావలెను.

ఇక ధనము. తెలుగుపంతులు లెక్కయని నవ్వకుడు. లైసెన్సు వఱకు అగు వ్యయము నేడు నలుబది లక్షలకు తక్కువగాదు. అఱువది లక్షలగుటయు కలదు. కొన్ని విమాన సంస్థలు తామే నడుపు పథకములలో కోటి దాటుటయు కద్దు. ఏబది లక్షలు అప్పు చేసితిమనుకొందము. వడ్డీ నూటికి పదిన్నర. చదువు రెండేండ్లు, ఆ రెండేండ్లును రాబడిలేదు. బారువడ్డీయే పదిన్నర లక్షలగును. ఆ మొత్తము 60 లక్షల 50 వేలను పదేండ్లలో తీర్చవలెనన్న, నెలకు సుమారు 81,600 రూపాయలు కట్టవలెను. పదేండ్లకు కట్టినది ఇంచుమించు 98 లక్షలు. ఇది పెద్ద విమానపు శిక్షణకు ముందు లెక్క. కొత్తగా చేరిన సహచోదకునకు నెలకు లక్షకు పైగా జీతము వచ్చునని చెప్పుమాట నిజమే. కాని ఆ జీతము ఉద్యోగము దొరకిన నెలనుండి వచ్చును. వాయిదా అప్పు చెప్పిన నెలనుండి వచ్చును. ఈ రెండు నెలలకు నడుమ ఎంత యెడము పడునన్నదే అసలు ప్రశ్న.

ఆ యెడము ఎంతైన కావచ్చును. హైదరాబాదు పాతబస్తీలో రొట్టెల దుకాణమున పనిచేయువాని కుమార్తె సయ్యదా సల్వా ఫాతిమా కథ మన పత్రికలలో పెక్కుమారులు వచ్చినది. దాతల సహాయముతో ఆంధ్రప్రదేశ్ ఏవియేషన్ అకాడమీలో చేరి ఆమె లైసెన్సు సంపాదించెను. సంపాదించిన తరువాతను పెద్ద విమానపు శిక్షణకు ధనములేక వేచియుండవలసి వచ్చెను. తుదకు తెలంగాణ ప్రభుత్వము ఆ ధనము నొసగుటచే ముందుకు సాగెను. పట్టుదలలో ఆమెకు సాటివచ్చువారు అరుదు. అట్టి యామెకే అంతటి నిరీక్షణము తప్పలేదు.

విమాన సంస్థల స్థిరత్వమును గూర్చియు ఒక మాట. తెలుగుగడ్డమీద పుట్టిన దక్కను ఎయిర్‌వేస్ 1945లో నిజాము రాజ్యమున వెలసి, 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్సులో కలిసిపోయెను. అది కలిసిపోవుటయే, పనివారికి కొలువు మిగిలెను. తరువాతివారికి ఆ భాగ్యము లేకపోయెను. కింగ్‌ఫిషర్ 2012లో మూతపడెను. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిలులో ఎగురుట మానెను. గో ఫస్ట్ 2023 మేలో నిలిచిపోయెను. 2020లో మహమ్మారి మూలమున మార్చి నెలాఖరునుండి రెండు నెలలు దేశములో ప్రయాణికుల విమానమే ఎగురలేదు. ఆ దినములలో లైసెన్సు చేతబట్టుకొని బయటికి వచ్చినవారి గతి యేమని ఒక్కసారి తలపోయుడు. అటు తరువాత మఱల గాలి మాఱినది. 2023లో ఎయిరిండియావారు 470, ఇండిగోవారు 500 విమానములకు ఒప్పందములు చేసికొనిరి. 2025 డిసెంబరులో, చోదకుల విశ్రాంతికి సంబంధించిన కొత్త నిబంధనలకు చాలినంత మంది సిబ్బంది లేక ఇండిగోవారు వేలకొలది ప్రయాణములను రద్దుచేసికొనిరి. శిక్షణాలయములవారు మీకు ఈ కడపటి రెండు సంగతులు చెప్పుదురు. మొదటి మూడు చెప్పరు. అన్నియు నిజములే. ఈ వృత్తి మా సముద్రమువంటిది. పోటును కలదు, పాటును కలదు. నేడు పోటు చూచి చేరినవాడు రెండేండ్ల తరువాత ఒడ్డున దిగును. అప్పటికి ఏది యుండునో జోస్యము చెప్పువారిని నేను నమ్మను.

రేడియో పరీక్షమాట చెప్పెదనంటిని. ఇది నా విద్యకు దగ్గఱి విషయమగుటచే కొంచెము నిలిచి చెప్పుట క్షమింపుడు. వేదాంగములలో శిక్ష మొదటిది, అది ఉచ్చారణశాస్త్రము. త్వష్ట ఇంద్రుని చంపు పుత్రుని కోరి హోమము చేయుచు, 'ఇంద్రశత్రు' శబ్దమును స్వరము తప్పి పలుకగా, ఇంద్రుని చంపువాడు గాక ఇంద్రునిచే చంపబడువాడు పుట్టెనని కథ. సమాసము అదే, అక్షరములు అవే. స్వరము మాఱెను, అర్థము తలక్రిందులాయెను. దీనిని బడిలో చెప్పునపుడు పిల్లలు నవ్వుచుండెడివారు. ఒక్క స్వరమునకు ప్రాణము పోవునా మాస్టారూ యని. 1977 మార్చి 27వ తేదీన స్పెయిను దేశమునకు చెందిన తెనెరీఫ్ ద్వీపమున, దట్టమైన పొగమంచులో, రెండు పెద్ద బోయింగు విమానములు నేలమీదనే ఢీకొని 583 మంది మరణించిరి. దానికి పెక్కు కారణములు. అందొకటి రేడియోలోని మాట. ఒక విమానమువారు తాము ఎగురుట కారంభించితిమను భావముతో పలికిన వాక్యమును, ఎగురుటకు సిద్ధముగా నున్నారని క్రిందివారు గ్రహించిరి. ఆ విపత్తు తరువాత, ఎగురుటకు అనుమతి యిచ్చునపుడో దానిని రద్దుచేయునపుడో తప్ప 'టేకాఫ్' అను మాటను రేడియోలో పలుకగూడదని కట్టడి చేసిరి. తక్కిన సందర్భములలో 'డిపార్చర్' అనవలెను. అంకెలకును వేఱు ఉచ్చారణములు ఏర్పఱచినారు. మూడును 'ట్రీ' యనవలెను, అయిదును 'ఫైఫ్' అనవలెను, తొమ్మిదిని 'నైనర్' అనవలెను. గరగరలాడు రేడియోలో అయిదును తొమ్మిదియు ఒకదానివలె నొకటి వినబడునని భయము. విన్నదానిని విన్నట్లే తిరిగి చెప్పి ఒప్పించుకొనవలెను. ఇది మన సంథ చెప్పుకొను పద్ధతియే. గురువు చెప్పినదానిని శిష్యుడు మఱల చెప్పునంతవఱకు పాఠము పూర్తికాదు.

ఈ మాటలన్నియు ఇంగ్లీషులో జరుగును. అంతర్జాతీయ కొలమానమున ఆ భాషలో నాలుగవ మెట్టుకు తక్కువైనవానికి అంతర్జాతీయ యాత్రలలో చోటులేదు. తెలుగు మాధ్యమమున చదివిన పిల్లలు దీనికి బెదరుట నేనెఱుగుదును. బెదరవలదు. విజయవాడలో పెరిగిన ఆనీ దివ్య పదునేడవ యేట రాయ్‌బరేలీ చేరువనున్న ఫుర్సత్‌గంజిలోని ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీలో చేరినపుడు ఇంగ్లీషు సరిగా మాటలాడలేక ఇబ్బంది పడితినని తానే చెప్పుకొన్నది. తల్లిదండ్రులు అప్పుచేసి చదివించిరి. పందొమ్మిదవ యేట ఎయిరిండియాలో చేరి, 2017లో ముప్పదియేండ్ల వయస్సున బోయింగు 777 విమానమునకు కెప్టెనాయెను. ఆ వయస్సున ఆ విమానమునకు కెప్టెనైన స్త్రీ ప్రపంచమున అంతకుముందు లేదని పత్రికలు వ్రాసినవి. అప్పుచేసి చదివించుట తప్పని నేననుట లేదని దీనివలన మీకు తెలియును. ఇంగ్లీషునకు సాహిత్యము అక్కఱలేదు, స్పష్టత కావలెను. తెలుగు వ్యాకరణము చక్కగా వచ్చినవానికి అది రాకపోదు.

ఆడపిల్లకు ఈ వృత్తి యేమని మా శిష్యుని తోబుట్టువు అభ్యంతరము చెప్పెనట. ప్రేమ్ మాథుర్ అను నామె 1947లో లైసెన్సు పొంది, ఎనిమిది సంస్థలు త్రోసిపుచ్చగా, తుదకు మన హైదరాబాదులోని దక్కను ఎయిర్‌వేస్‌లోనే సహచోదకురాలిగా చేరెను. మన దేశమున వాణిజ్య విమానము నడిపిన తొలి స్త్రీ ఆమెయే. నేడు మన చోదకులలో నూటికి సుమారు పదునైదుగురు స్త్రీలు. లోకమంతటి మొత్తమున నూటికి అయిదుగురే. కావున ఆ అభ్యంతరము డెబ్బదియేండ్ల క్రిందటనే చెల్లిపోయినది. దానిని గూర్చి మఱి పలుకను.

తల్లి వేసిన ప్రశ్న వేఱు. 2025 జూను 12వ తేదీన అహమ్మదాబాదులో కూలిన విమానమున నున్న 242 మందిలో ఒక్కరు తప్ప తక్కినవారెల్లరు మరణించిరి. ఆ వార్త విన్ననాటినుండి ఆమెకు రాత్రులు నిదుర పట్టుటలేదట. విమానయానము రోడ్డుప్రయాణముకంటె క్షేమమైనదని లెక్కలు చెప్పవచ్చును. ఆ లెక్కలు నిజములే. కాని కన్నతల్లి యెదుట లెక్కలు చెప్పుటకు నాకు నోరు రాలేదు. "అమ్మా, పిల్ల రోజూ స్కూటరుమీద గాజువాక దాకా పోయి వస్తోంది కదా" యని మాత్రమంటిని. ఆమె కొంతసేపు మౌనముగా నుండి, "అదీ భయమేనండి" అనెను. ఆ భయము ఆమెయొద్దనే యున్నది.

నా అభిప్రాయము నడిగితిరేని, నిర్ణయమునకు ఒక వరుస యున్నదందును. వరుస తప్పినవారే ఎక్కువగా నష్టపోవుచున్నారు. జనులు మొదట భూమి అమ్మి, తరువాత ఫీజు కట్టి, ఆపై దేహపరీక్షకు పోవుచున్నారు. ముందు దేహము. రెండవ తరగతి వైద్యపరీక్ష, ఆపై మొదటి తరగతి వైద్యపరీక్ష డీజీసీఏవారు ఒప్పుకొన్న వైద్యులయొద్ద చేయించుకొనవలెను. కళ్లజోడు ఉన్నంతమాత్రమున అనర్హత కాదు. రంగుల భేదము తెలియకపోవుట పెద్ద అడ్డంకి. రంగులు సరిగా కానరాని లోపము తనకున్నదని యెఱుగకయే ఇరువదియేండ్లు పెరిగినవారు కలరు. కొన్ని వేల రూపాయలతో తేలవలసిన సంగతిని లక్షలు కట్టిన పిమ్మట తేల్చుకొనుట యేమి తెలివి? ఈ పరీక్ష ఒక్కసారితో పోవునదియు కాదు. కొలువున్నంతకాలము యేటేట నెగ్గవలెను. నెగ్గనినాడు నేల మీదనే నిలువవలెను. అందుచేత ఈ వృత్తిలో చేరువాడు వేఱొక పట్టాను కూడ సంపాదించుకొనుట మంచిది. మా ఆంధ్ర విశ్వవిద్యాలయమునందు దూరవిద్య ఉండనే యున్నది.

దేహము తరువాత వ్రాతపరీక్షలు. విమానమెక్కకమునుపే ఇంటనుండి చదివి వీనిలో నెగ్గువారు పెక్కురు కలరు. వాతావరణశాస్త్రము మా ఊరివారికి క్రొత్తదికాదు. తుపాను హెచ్చరికల కేంద్రము మా ఊరనే యున్నది. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ మా విమానాశ్రయపు కప్పు నెగురగొట్టుట చూచినవారికి గాలి పీడనమనగా నేమో వేఱుగా చెప్పనక్కఱలేదు. మార్గనిర్ణయమును అంతే. మా విమానాశ్రయపు బాట ఒక కొనకు 10, మఱియొక కొనకు 28 అని సంఖ్యలు. ఉత్తరమునుండి కుడిగా లెక్కించిన కోణమున కడపటి సున్న తీసివేసినది ఆ సంఖ్య. 10 అనగా నూఱు డిగ్రీలు, తూర్పునకు కొంచెము దక్షిణము. 28 దానికి సరిగా ఎదురు. ఈ మాట చెప్పినపుడు ఆ పిల్ల కన్నులు మెఱసినవి. తండ్రి ఇరువదియేండ్లు రేవులో పనిచేసియు ఇది యెఱుగడు.

వ్రాతపరీక్షలలో నెగ్గిన పిమ్మట ప్రభుత్వ అకాడమీ ప్రవేశపరీక్ష. అక్కడ ఫీజు తక్కువయని కాదు, ఎంపిక గట్టిదని. చేరగోరినవారందఱిని చేర్చుకొను చోటికంటె, కొందఱిని త్రిప్పి పంపు చోటు మేలు. అందు చోటు దొరకనిచో ప్రైవేటు సంస్థలను విచారింపవలెను. అక్కడ అడుగవలసినది గోడమీది బొమ్మను కాదు. నడుచు స్థితిలో విమానములెన్ని యున్నవి, శిక్షకులెందఱు, 200 గంటలు పూర్తిచేయుటకు నిరుటివారికి ఎన్ని నెలలు పట్టినది యని. చేరి యేడాదియైన పిల్లలను ఫలహారశాలలో పట్టుకొని అడిగిన, కార్యాలయములో చెప్పనిది చెప్పుదురు. ఫీజు ఒక్కమొత్తముగా కట్టరాదు. ఎగిరిన గంటలకు తగినట్లు వాయిదాలలో కట్టుటకు ఒప్పుకొనని చోట చేరరాదు.

మఱి భూమి? ఎకరమున్నరయు అమ్మవలదంటిని. వైద్యపరీక్షలును వ్రాతపరీక్షలును అయి, చేరుటకు చోటు ఖాయమైననాడు, అందు సగము అమ్మి సగము అప్పుచేయుట నాకు సమ్మతము. మొత్తము అమ్మినచో తండ్రి మాటలకు పిల్ల బందీయగును. రేపు మేఘములో తల తిరిగి, ఇది నావలన గాదని ఆమెకు తోచినను, నాన్న భూమి అమ్మెనే యని చెప్పలేదు. చెప్పలేని చోదకురాలు తనకును ప్రమాదమే, వెనుక కూర్చున్నవారికిని ప్రమాదమే. తండ్రి దీనికి వెంటనే ఒప్పుకొనలేదు. "సగం పెట్టుబడితో ఏ పనీ కాదు మేష్టారూ" అనెను. మూడు వారములు మా యింటికి రాలేదు. పిమ్మట పిల్ల ఒక్కతెయే వచ్చి, రెండవ తరగతి వైద్యపరీక్షలో నెగ్గితినని కాగితము చూపెను.

ఇప్పుడామె ఉదయమున దూరవిద్యకు కట్టిన పాఠములు చదువుకొని, సాయంకాలము మా పౌర గ్రంథాలయమున వాతావరణశాస్త్రము చదువుచున్నది. ముందు రెండు పరీక్షలు వ్రాయుననియు, తక్కినవి మఱుసటి విడతననియు అనుకొన్నారు. ఇంగ్లీషు ఉచ్చారణకు వారమునకు రెండు దినములు మా యింటికి వచ్చును. నాది పాతకాలపు ఇంగ్లీషని ఆమెయే నన్ను దిద్దుచున్నది. మొదటి తరగతి వైద్యపరీక్షకు ఇంకను తేదీ రావలసి యున్నది. మాడుగుల భూమి వారి పేరనే యున్నది; ఈ యేడు దానిలో నువ్వులు చల్లినారు.